గూటి నుంచి పడిన గోరింక పిల్ల: చేతికి దొరికింది మొదలు ఎగిరిపోయేదాకా

మార్చి నుంచి ఆగస్టు దాకా మన దగ్గర పక్షులు గూళ్లు కట్టి పిల్లల్ని పెంచే కాలం. మే నెల ఈదురుగాలులకు కొమ్మలు విరుగుతాయి. ఇంటికి రంగులు వేయించేటప్పుడు వెంటిలేటర్లు దులుపుతారు. ఏసీ బిగించడానికి వచ్చినవాళ్లు గోడ కన్నంలోని గడ్డీ గాదం లాగి పారేస్తారు. పిల్లలు నేల మీద పడతాయి. చూసినవాళ్ల మనసు ఊరుకోదు. వెంటనే ఎత్తుకుని, పాపం ఆకలితో ఉందని నోట్లో నీళ్లో పాలో పోస్తారు. చాలాసార్లు పిల్లను చంపేది ఆ తొందరే.

ఈ పనికి ఒక వరుస ఉంది. ముందు తల్లిదండ్రులు, తర్వాత వెచ్చదనం, తర్వాత తడి, చివరగా తిండి. చల్లబడిన పిల్లకు తిండి పెడితే అరగదు, లోపలే పులుస్తుంది. ఒంట్లో నీరు లేని పిల్లకు గట్టి తిండి పెడితే అదీ అరగదు. గంట సేపు ఆకలిని తట్టుకోగలిగిన పిల్ల, గాలిగొట్టంలోకి దిగిన ఒక్క నీటిచుక్కను తట్టుకోలేకపోవచ్చు.

ఇక్కడ చెప్పేదంతా ముఖ్యంగా గోరింక, పిచ్చుక, పిగిలిపిట్టల గురించి. ఇవి నోరు బార్లా తెరిచి తిండి అడిగే రకం. పావురం సంగతి వేరు, దాన్ని విడిగా చెప్పుకుందాం.

నిజంగా దిక్కులేనిదేనా?

ఒళ్లంతా బోడిగా గానీ, ముళ్లలాంటి ఈక గొట్టాలతో గానీ ఉండి, నిలబడలేక పొట్ట మీద పడి ఉంటే అది గూటి పిల్ల. దాని చోటు గూడే. ఒళ్లంతా ఈకలొచ్చి, తోక పొట్టిగా ఉండి, గెంతుతూ, తక్కువ ఎత్తు కొమ్మను కాళ్లతో గట్టిగా పట్టుకోగలిగితే అది గూడు దిగిన పిల్ల. దానికి ప్రమాదమేమీ జరగలేదు. చాలా పక్షులు సరిగా ఎగరడం రాకముందే గూడు దిగుతాయి. కొన్ని రోజులు పొదల్లో, గోడల వెంట తిరుగుతూ ఉంటే తల్లీ తండ్రీ వెంట ఉండి మేపుతాయి. మనకు దొరికేవాటిలో ఇలాంటివే ఎక్కువ. వీటిని ఇంటికి తేవడమంటే తల్లి దగ్గర నుంచి ఎత్తుకురావడమే.

గూడు దిగిన పిల్ల రోడ్డు మీదో, కుక్క తిరిగే చోటో ఉంటే దగ్గరలోని పొద మీదో పిట్టగోడ మీదో పెట్టండి. పిల్లిని రెండు రోజులు ఇంట్లో కట్టేయండి. దూరంగా వెళ్లి చూడండి. మీరు పక్కనే నిలబడి ఉన్నంతసేపూ తల్లి దిగదు.

మనిషి చెయ్యి తగిలితే తల్లి దగ్గరికి రానివ్వదన్న మాట నిజం కాదు. వాసన పట్టి పిల్లను వదిలేసే అలవాటు ఈ పక్షులకు లేదు. పిల్ల అరుపు విన్నదంటే తల్లి వస్తుంది. ఈ అపోహ వల్లే తిరిగి గూట్లో పెట్టదగ్గ పిల్లలు అట్టపెట్టెల పాలవుతున్నాయి.

గూడు తిరిగి పెట్టడం

గూటి పిల్ల ఒళ్లు వెచ్చగా ఉండి, గాయాలేమీ లేకపోతే గూడు వెతకండి. దొరికితే అందులో పెట్టేయండి. పిల్ల చల్లగా ఉంటే ముందు అరగంట వెచ్చబరచండి. చల్లటి పిల్ల నోరు తెరవదు, నోరు తెరవని పిల్లను తల్లి మేపదు.

గూడు చెదిరిపోతే కొత్తది కట్టండి. పిగిలిపిట్టది గిన్నెలాంటి గూడు కాబట్టి అరచేతిలో పట్టేంత వెదురు బుట్ట చాలు. ప్లాస్టిక్ డబ్బా అయితే అడుగున నాలుగైదు చిల్లులు పెట్టండి, లేకుంటే ఒక్క వానకు పిల్లలు మునిగిపోతాయి. ఎండు గడ్డి పరిచి, పాత గూడు ఉన్న కొమ్మకే, లేదా వీలైనంత దగ్గరలో, నీడ పడే చోట బైండింగ్ వైరుతో కదలకుండా కట్టండి. గోరింక, పిచ్చుక కన్నాల్లో పెట్టేవి కాబట్టి వాటికి మూత ఉన్న చోటు కావాలి. పాత కన్నం మూసేసి ఉంటే ఆ పక్కనే చెక్క పెట్టె గానీ చిన్న కుండ గానీ అడ్డంగా బిగించండి. గుమ్మం పిచ్చుకకు 3 సెంటీమీటర్లకు కాస్త పైన, గోరింకకు 5 నుంచి 6 సెంటీమీటర్లు ఉండాలి.

తర్వాత కిటికీ చాటు నుంచి గానీ, కనీసం 15 మీటర్ల దూరం నుంచి గానీ రెండు గంటలు గమనించండి. ఫోన్ చూసుకుంటూ కాదు, కళ్లు తిప్పకుండా. తల్లి రావడానికీ పోవడానికీ క్షణాలే పడుతుంది. రెండు గంటల్లో ఒక్కసారైనా రాకపోతే, తల్లి చచ్చిపడి కనిపిస్తే, లేదా పిల్లకు గాయమైతే అప్పుడు ఎత్తుకోండి. కాకి పిల్ల అయితే తల్లిదండ్రులు నెత్తి మీద పొడుస్తాయి, హెల్మెట్ పెట్టుకుని వెళ్లండి. కాకులు మేపుతున్న పిల్ల కోకిల పిల్లలా అనిపించినా అక్కడే ఉంచండి, కాకులే దాన్ని పెంచి పెద్ద చేస్తాయి.

ఇంట్లో పెంచకూడనివి

ముక్కు కొక్కెంలా వంగి, గోళ్లు వాడిగా ఉండి, తెల్లటి నూగుతో బుసకొట్టేది గుడ్లగూబ పిల్ల. గద్ద, డేగ పిల్లలూ ఇంతే. వీటికి ఎముకలతో సహా మాంసం కావాలి, పెంపకం తెలిసినవాళ్లు కావాలి. గుడ్డులోంచి బయటపడిన రోజే పరుగెత్తే నూగు పిల్లలు తీతువువి, కౌజువి, నెమలివి. వీటిని చేత్తో మేపే పనే లేదు. తీతువు పిల్లను దొరికిన చోటే వదిలితే తల్లి అరుస్తూ చుట్టుపక్కలే ఉంటుంది. తేనెపిట్ట పిల్ల ప్రాణం మరీ సున్నితం, వెంటనే డాక్టరుకో అటవీ శాఖకో చేర్చాలి.

రామచిలుక పిల్ల దొరికితే పంజరం కొనకండి. దాన్ని పెంచుకోవడం నేరం. అసలు ఏ అడవి పక్షినైనా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం సొంతంగా ఉంచుకునే హక్కు మనకు లేదు. ఆ చట్టం 39వ సెక్షన్ ప్రకారం అలాంటి ప్రాణి చేతికొచ్చిన 48 గంటల్లోగా పోలీసుస్టేషన్‌కో అటవీ అధికారికో తెలియజేయాలి. ఫోన్ చేసి మాట్లాడిన తేదీ, సమయం, ఎవరితో మాట్లాడారో రాసి పెట్టుకోండి. పక్షుల వైద్యం తెలిసిన డాక్టరును కూడా అదే రోజు వెతకండి. రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలలకు ఆసుపత్రులు ఉన్నాయి. కింద చెప్పే పద్ధతులన్నీ పిల్ల సరైన చేతుల్లోకి వెళ్లేదాకా, లేదా వెళ్లే దారే లేనప్పుడు దాన్ని బతికించుకోవడానికి.

మొదటి గంట: వెచ్చదనం

చిన్న స్టీలు గిన్నె గానీ, పెరుగు డబ్బా గానీ తీసుకోండి. అందులో టిష్యూ పేపరు చుట్టలు గుండ్రంగా సర్ది, నడుమ పిల్ల పట్టేంత గుంట చేయండి. పిల్ల కాళ్లు ఒంటి కిందికే ముడుచుకుని ఉండాలి. చదునైన గుడ్డ మీదో న్యూస్ పేపరు మీదో ఉంచితే కాళ్లు రెండు పక్కలకూ జారి అలాగే బిగుసుకుపోతాయి, ఇక ఆ పక్షి నిలబడదు. దూది వాడకండి. దాని పోగులు గోళ్లకు, వేళ్లకు చుట్టుకుని రక్తం ఆగిపోతుంది. తువ్వాలు పోగులతోనూ అదే ప్రమాదం.

ఆ గిన్నెను మూతకు చిల్లులున్న అట్టపెట్టెలో పెట్టండి. పెట్టెలో ఒక పక్క మాత్రమే వేడి ఉండాలి. సీసాలో వేడినీళ్లు పోసి గుడ్డ చుట్టి గిన్నెకు ఆనించండి, చల్లారగానే మార్చండి. పాతకాలపు 40 వాట్ల బల్బు ఉంటే అడుగు దూరంలో పెట్టొచ్చు. ఎల్ఈడీ బల్బు వెలుగే ఇస్తుంది, వేడి ఇవ్వదు. చాలామంది ఇక్కడే మోసపోతారు. పిల్ల పక్కన ఒక థర్మామీటరు ఉంచండి. ఒంటి మీద ఈకలేమీ లేకపోతే 34–35 డిగ్రీల సెల్సియస్, ఈక గొట్టాలు పొడుస్తుంటే 30–32, ఈకలు పూర్తిగా వస్తే 26–28 చాలు.

మన ఎండాకాలంలో ఒక సంగతి గుర్తుంచుకోవాలి. మే నెలలో గది వేడే 38 దాటుతుంది. అప్పుడు పైన బల్బు పెడితే పిల్ల ఉడికిపోతుంది. పిల్ల మెడ చాచి, నోరు తెరిచి రొప్పుతూ, రెక్కలు ఒంటికి దూరంగా పెడితే వేడి ఎక్కువైందని అర్థం. ఇంట్లో చల్లటి గదికి మార్చండి, పెట్టెకు ఒక పక్క తడిగుడ్డ కప్పండి. పిల్ల మీద నీళ్లు చల్లకండి, ఫ్యాను గాలి నేరుగా తగలనివ్వకండి. ఏసీ గదిలో సంగతి తలకిందులు. బయట 44 ఉన్నా లోపల బోడి పిల్ల వణికిపోతుంది. అంచనాలొద్దు, థర్మామీటరు చెప్పిందే వినండి.

చీమలు ఇంకో శత్రువు. నేల మీద పడ్డ పిల్ల కళ్ల చుట్టూ, రెక్కల కింద ఎర్రచీమలు పట్టి ఉంటాయి. ఒక్కొక్కటే చిమటాతో తీయండి. పెట్టెను స్టూలు మీద పెట్టి, స్టూలు కాళ్లను నీళ్లు పోసిన గిన్నెల్లో ఉంచండి. చీమల మందు, ఫినాయిల్, కిరోసిన్ ఏవీ దగ్గరికి రానివ్వకండి. దోమల చుట్ట, అగరుబత్తి పొగ కూడా ఆ గదిలో వద్దు. పక్షి ఊపిరితిత్తులు పొగను తట్టుకోలేవు.

తడి

పిల్ల వెచ్చబడ్డాక నోటి లోపల చూడండి. తడిగా, గులాబీ రంగులోనో ఆ రకానికి తగ్గ రంగులోనో మెరుస్తుంటే సరే. జిగటగా ఉంటే, చర్మం ముడతలుపడి ఎర్రబారి ఉంటే ఒంట్లో నీరు తగ్గిందని. ప్యాకెట్ మీద చెప్పినంత నీటిలో ఓఆర్ఎస్ కలిపి గోరువెచ్చగా చేయండి. సన్నటి బ్రష్షును అందులో ముంచి, ముక్కు పక్క అంచున ఒక్క చుక్క ఆనించండి. అది తనే మింగుతుంది. మింగాకే రెండో చుక్క. ఇలా మూడు నాలుగు చుక్కలు, 15 నిమిషాలు ఆగి మళ్లీ. గంటలో పిల్ల చురుకవుతుంది, రెట్ట వేస్తుంది. రెట్ట పడిందంటే తిండికి సిద్ధమైనట్టే.

తల వాల్చేసి, కదలిక లేకుండా ఉన్న పిల్ల నోట్లో ఏదీ వేయకండి. మింగే శక్తే దానికి లేదు. చర్మం కింద సెలైన్ ఎక్కించగల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

ఒకసారి తిండి మొదలయ్యాక విడిగా నీళ్లు పట్టే అవసరమే లేదు. గూటి పిల్లకు తల్లి నీళ్లు పట్టదు, దానికి కావాల్సిన తడంతా తిండిలోనే ఉంటుంది.

తిండి: ఏది, ఎంత, ఎలా కలపాలి

పెద్దయ్యాక గింజలు తినే పిచ్చుక కూడా పసితనంలో పెరిగేది పురుగుల మీదే. రెండు మూడు వారాల్లోనే ఎముక, కండ, ఈక అన్నీ కట్టుకోవాలి కాబట్టి పిల్లకు కావాల్సింది మాంసకృత్తులు, కాల్షియం. పెరుగన్నం, అటుకులు, నానబెట్టిన బ్రెడ్డు, బిస్కెట్టు, అరటిపండు పెడితే పొట్ట నిండినట్టే ఉంటుంది, పిల్ల మాత్రం లోపల కరిగిపోతుంటుంది. పాలు అసలే వద్దు. పాలలోని చక్కెరను పక్షులు అరిగించుకోలేవు, విరేచనాలు పట్టుకుంటాయి. పుట్నాలపొడి, శనగపిండి ఉండలు పెట్టే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. అదొక్కటే పెడితే చాలదు. శాకాహారుల ఇళ్లలో ఈ మాట ఇబ్బందిగా ఉంటుందని తెలుసు. అలాంటప్పుడు తిండి మార్చడం కంటే, పెట్టగలిగిన ఇంకొకరికి పిల్లను అప్పగించడం మంచిది.

అందరికీ దొరికే వస్తువులతో నమ్మదగ్గ మిశ్రమం ఇది. పిల్లి కూనల కోసం అమ్మే ఎండు గుళికల తిండి తీసుకోండి, ప్యాకెట్ మీద మాంసకృత్తులు 30 శాతానికి తగ్గకుండా ఉండాలి. 30 గ్రాముల గుళికలపై 40 మిల్లీలీటర్ల వేడినీళ్లు పోసి, 20 నిమిషాలు నాననిచ్చి మెత్తగా మెదపండి. గట్టిగా ఉడికించిన కోడిగుడ్డులో సగం, పచ్చసొనా తెల్లసొనా రెండూ, అందులో నలపండి. ఒక చిటికెడు గుడ్డుపెంకు పొడి, అంటే చెంచాలో ఎనిమిదో వంతు, కలపండి. పెంకును పది నిమిషాలు ఉడకబెట్టి, ఎండబెట్టి, మిక్సీలో వేసి పల్చటి గుడ్డలో జల్లెడ పడితే పొడి సిద్ధం. ఆయుర్వేద దుకాణాల్లో దొరికే సముద్రపు నురుగు పొడి కూడా ఇందుకు పనికొస్తుంది.

మిశ్రమం చెంచాలో తీసి వంచితే జారకూడదు, వేళ్ల మధ్య నొక్కితే పగుళ్లు రాకూడదు. పల్చనైతే గాలిగొట్టంలోకి జారే ప్రమాదం, గట్టిదైతే గొంతులో పట్టుకుంటుంది. ఫ్రిజ్‌లో 24 గంటలకు మించి ఉంచకండి. ఐసు ట్రేలో గడ్డకట్టించి పెట్టుకుంటే రోజుకు సరిపడా తీసుకోవచ్చు. పెట్టేముందు గిన్నెను వేడినీళ్లలో ఉంచి గోరువెచ్చగా చేయండి. మైక్రోవేవ్‌లో పెడితే బయట చల్లగా అనిపిస్తూ లోపల అక్కడక్కడా సలసల కాగుతుంది, గొంతు కాలిపోతుంది.

దీనికి తోడు పురుగులు దొరికితే చాలా మంచిది. మిడతల కాళ్లూ రెక్కలూ తీసి, తల నలిపి పెట్టండి. పెంపుడు జంతువుల దుకాణాల్లో అమ్మే మీల్ వార్మ్‌లనూ తల నలిపే పెట్టాలి. తొలకరి వానల్లో దీపాల చుట్టూ రాలే ఉసిళ్లు ఏ పిల్లకైనా విందే, రెక్కలు దులిపి పెట్టండి. పురుగులన్నిటిలోనూ కాల్షియం తక్కువ కాబట్టి గుడ్డుపెంకు పొడి అద్దండి. మందు కొట్టిన పొలంలోని మిడతలు, ఇంట్లోని బొద్దింకలు, ఈగలు వద్దు. వానపాములూ వద్దు, వాటితో పరాన్నజీవులు వస్తాయి. పిగిలిపిట్ట పిల్లకు కళ్లు తెరిచాక మెత్తటి బొప్పాయి కాస్త కలపొచ్చు.

ఒక్కసారికి పెట్టేది పిల్ల బరువులో 5 శాతం. అంటే 10 గ్రాముల పిచ్చుక పిల్లకు అర మిల్లీలీటరు, 20 గ్రాములదానికి ఒకటి, 60 గ్రాముల గోరింక పిల్లకు మూడు. వంటింటి డిజిటల్ తూకం ఒకటి తప్పకుండా ఉండాలి. రోజూ పొద్దున మొదటి మేత ముందు తూచి రాసుకోండి. గూటి పిల్ల బరువు రోజురోజుకూ పెరగాలి. ఒక్క రోజు ఆగినా ఏదో తేడా ఉందన్నమాట. ఈకలు పూర్తయి ఎగరబోయే ముందు మాత్రం బరువు నిలబడ్డా, కాస్త తగ్గినా కంగారుపడనక్కర్లేదు.

మేతల మధ్య విరామం వయసును బట్టి. బోడి పిల్లకు 20–30 నిమిషాలకోసారి, కళ్లు తెరిచి ఈక గొట్టాలొచ్చినదానికి 45 నిమిషాలకు, ఈకలు నిండినదానికి గంటకు, గూడు దిగినదానికి రెండు గంటలకు. పొద్దున 6 నుంచి రాత్రి 8 దాకా. రాత్రి నిద్ర లేపి పెట్టకండి. ఆఫీసుకు వెళ్లే ఒంటరి మనిషి బోడి పిల్లను పెంచలేరు. ఇది మొదటి రోజే ఒప్పుకుని ఇంకొకరి సాయం తీసుకోవాలి.

తినిపించే తీరు

మొన మొద్దుగా ఉన్న చిమటా గానీ, సూది తీసేసిన 1 మిల్లీలీటరు సిరంజి గానీ వాడండి. సిరంజితో ఒక హెచ్చరిక. రబ్బరు పట్టుకుని ఒక్కసారిగా జారితే ఉన్నదంతా గొంతులోకి పోతుంది. ముందు గిన్నెలోకి రెండు మూడుసార్లు నొక్కి చూసుకోండి. అలవాటు లేనివాళ్లకు చిమటాయే సురక్షితం.

పిల్లను గిన్నె గూట్లోనే ఉంచండి. చేతిలోకి తీస్తే చల్లబడుతుంది, బెదురుతుంది. గిన్నె అంచున వేలితో నెమ్మదిగా తట్టండి, లేదా సన్నగా ఈల వేయండి. తల్లి వాలిందనుకుని మెడ నిలువుగా సాచి నోరు తెరుస్తుంది. నాలుక మొదట్లో నడుమన ఒక సన్నటి చీలిక తెరుచుకుంటూ మూసుకుంటూ కనిపిస్తుంది. అదే గాలిగొట్టం ద్వారం. తిండి దానికంటే వెనక్కి, పిల్లకు కుడి పక్కగా పడాలి. పిల్ల మీకు ఎదురుగా ఉంటే అది మీ ఎడమ. ఆహారనాళం మెడకు కుడివైపున దిగుతుంది కాబట్టి ఈ జాగ్రత్త. చిన్న బఠాణీగింజంత ముద్ద పెట్టి, వెంటనే చెయ్యి వెనక్కి తీసుకోండి. మింగింది చూశాకే రెండో ముద్ద. పిచ్చుకకు ముద్ద అందులో సగమే.

నాలుక మీద ముందుభాగంలో పెడితే పిల్ల తల విదిలించి కక్కేస్తుంది. దాన్ని చూసి ఆకలి లేదనుకోకండి. తల వాల్చి నోరు మూసేస్తే మాత్రం చాలించండి.

నోరు తెరవకపోతే కారణం వెతకాలి, బలవంతం చేయకూడదు. ఒళ్లు చల్లగా ఉందేమో ముట్టుకుని చూడండి. నీరు తగ్గిందేమో చూడండి. గూడు దిగే వయసు పిల్ల అయితే భయంతో నోరు బిగిస్తుంది. దాన్ని చీకటిగా మూసిన పెట్టెలో గంట ఉంచి, మాట్లాడకుండా పురుగును ముక్కు ముందు ఆడించండి. అప్పటికీ వినకపోతే ఒక్కసారి గోటి మొనతో ముక్కు పక్క మూలను నెమ్మదిగా తెరిచి పురుగు పెట్టండి. ముక్కు కొసను పట్టి లాగకండి, అది ఇంకా మెత్తగా ఉంటుంది, వంకర తిరుగుతుంది. ఒకటి రెండుసార్లు రుచి తెలిశాక తనే తెరుస్తుంది.

మేత కాగానే చాలా పిల్లలు వెనక్కి తిరిగి తోక ఎత్తి, తెల్లటి పొరలో చుట్టిన రెట్ట వేస్తాయి. తల్లి ముక్కుతో తీసుకుపోయినట్టే మీరు చిమటాతో తీసేయండి. పొర గట్టిగా, లోపల ముదురు రంగు, ఒక పక్క తెలుపు ఉంటే అరుగుదల బాగున్నట్టు. పొర లేకుండా నీళ్లలా పోతుంటే, పులిసిన వాసన వస్తుంటే తిండి పాడైందో వేడి చాల్లేదో చూడండి. మూతి చుట్టూ, మెడ ఈకలకు అంటిన తిండిని తడి గుడ్డతో వెంటనే తుడవండి. ఎండితే ఈకలు ఊడిపోయి చర్మం పుండవుతుంది. టిష్యూలు తడిసిన ప్రతిసారీ మార్చండి, చిమటా, సిరంజి రోజుకోసారి వేడినీళ్లలో మరిగించండి. మీ చేతులు ముందూ వెనకా సబ్బుతో కడుక్కోండి.

తేడా వస్తే గుర్తుపట్టేదెలా

ఊపిరి తీసినప్పుడు చిటచిటమనే చప్పుడు, ముక్కు రంధ్రాల్లో బుడగ, ఊపిరికి తోక పైకీ కిందికీ ఊగడం కనిపిస్తే తిండో నీళ్లో ఊపిరితిత్తుల్లోకి పోయాయి. మేత ఆపి, వెచ్చగా ఉంచి డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. తల కిందులు చేసి దులపకండి.

కాళ్ల మీద నిలబడలేక, రెక్కలు వాలిపోయి, ఎముకలు వంగుతుంటే కాల్షియం లోపం. మాంసం ముక్కలు లేదా ఒట్టి పురుగుల మీద పెంచిన పిల్లల్లో ఇది కనిపిస్తుంది. వారంలోనే ముదిరిపోతుంది. ఈకల మీద అడ్డంగా సన్నటి గీతలుంటే, ఆ ఈక పెరుగుతున్న రోజుల్లో తిండి చాల్లేదని. అక్కడే ఈక విరుగుతుంది, మళ్లీ ఈకలు మారేదాకా ఆ పక్షి సరిగా ఎగరలేదు. నోట్లో తెల్లటి మచ్చలు బూజు తెగులుకు గుర్తు. చర్మం కింద గాలి బుడగ ఉబ్బితే లోపల గాలిసంచి చిట్లిందని. ఈ రెండూ డాక్టరు చూడాల్సినవే.

పిల్లి నోట కరుచుకున్న పిల్ల ఒంటి మీద గాయం కనిపించకపోయినా ఆ రోజే డాక్టరుకు చూపించాలి. పిల్లి నోటిలో ఉండే పాశ్చురెల్లా అనే సూక్ష్మజీవి, సూదిమొనంత గాటులోంచి వెళ్లి ఒకటి రెండు రోజుల్లో రక్తమంతా విషం చేస్తుంది. యాంటీబయాటిక్ డాక్టరు బరువు చూసి ఇవ్వాలి. ఇంట్లో మిగిలిన మాత్ర విరిచి వేయడం ప్రాణాంతకం. విరిగిన రెక్కకు అగ్గిపుల్లలు కట్టకండి, ఇరుకు పెట్టెలో కదలకుండా ఉంచి తీసుకెళ్లండి. పసుపు, డెటాల్ రుద్దకండి. ఒకే చోట చాలా పక్షులు చచ్చి పడి ఉంటే దేన్నీ ముట్టుకోకుండా పశుసంవర్ధక శాఖకు చెప్పండి.

పావురం, గువ్వ పిల్లలు

పసుపు నూగు, పొడవాటి మెత్తటి ముక్కు ఉన్న పిల్ల పావురానిది. ఇది నోరు బార్లా తెరవదు, తల్లి నోట్లో ముక్కు దూర్చి జుర్రుకుంటుంది. మొదటి రోజుల్లో తల్లి గొంతు సంచిలో ఊరే పాలలాంటి పదార్థమే దాని తిండి. కాబట్టి పసి పావురాన్ని బతికించడం కష్టం, తల్లి దగ్గరికి చేర్చడానికే ప్రయత్నించండి. ఈకలు వస్తున్న పిల్ల అయితే ఉడికించి చల్లార్చిన బఠాణీలను, ముక్కు పక్క నుంచి తెరిచి ఒక్కొక్కటే నాలుక వెనక పెట్టొచ్చు. మెడ కింది సంచి నిండాలి, కానీ గట్టిగా బిగుసుకోకూడదు. సంచి ఖాళీ అయ్యాకే మళ్లీ మేత. రాత్రంతా గడిచినా ఖాళీ కాకపోతే వైద్యం కావాలి.

సొంతంగా తినడం, ఎగరడం, వదలడం

పిల్ల గిన్నె అంచు మీదికి ఎక్కి కూర్చుందంటే గూడు కాలం అయిపోయింది. దోమతెర బిగించిన బాల్కనీయో, మెష్ తలుపున్న ఖాళీ గదో ఇవ్వండి. సీలింగ్ ఫ్యాను స్విచ్ మీద టేపు అతికించండి. అద్దాలకు గుడ్డ కట్టండి. వేర్వేరు మందం ఉన్న కొమ్మలు అమర్చండి. సెంటీమీటరు లోతు నీళ్ల పళ్లెం ఇప్పుడు పెట్టొచ్చు. అందులోనే స్నానం నేర్చుకుంటుంది, ఈకలు నీటిని ఆపడం మొదలవుతుంది.

ఒక పళ్లెంలో అదే మిశ్రమం, కదిలే పురుగులు ఎప్పుడూ ఉంచండి. పిచ్చుకకు కొర్రలు, సజ్జలు, నూకలు చేర్చండి. గోరింకకు బొప్పాయి, జామ. పిగిలిపిట్టకు మర్రి, రావి, జువ్వి పళ్లు కొమ్మతో సహా తెచ్చి వేలాడదీయండి. బయటికెళ్లాక అది వెతుక్కోవాల్సింది అవే. పొడిచి తినడం చూసిన రోజు నుంచి చేత్తో పెట్టే మేతలు ఒక్కొక్కటి తగ్గించండి. బరువు పడిపోతే మళ్లీ ఒక మేత పెంచండి. ఒక్కసారిగా ఆపేస్తే పళ్లెం నిండా తిండి ఉండగానే పిల్ల మాడిపోతుంది.

ఈ దశలోనే ముద్దు ఎక్కువవుతుంది. గోరింక త్వరగా మచ్చికవుతుంది, భుజం మీద వాలుతుంది, పిలిస్తే వస్తుంది. ఆ సంతోషమే దానికి ముప్పు. మనిషిని చూసి బెదరని గోరింక బయటికెళ్లిన రోజే ఎవరి చేతికో చిక్కుతుంది, లేదా కుక్క ముందు వాలుతుంది. పేరు పెట్టి పిలవకండి, పిల్లల చేతికి ఇవ్వకండి, వీడియోల కోసం బయటికి తీయకండి. మేత పెట్టడానికి తప్ప ఆ గదిలోకి వెళ్లకండి. అదే జాతి పిల్ల ఇంకొకటి ఎవరి దగ్గరైనా ఉంటే రెంటినీ కలిపి పెంచడం అన్నిటికంటే మంచిది. కిటికీ దగ్గర ఉంచితే బయటి గోరింకల అరుపులు వింటుంది.

వదలడానికి ముందు ఇవి చూడండి. వారం రోజులుగా చేతి మేత లేకుండా బరువు నిలుపుకుంటోందా? నేల నుంచి పైకి లేచి, గది ఆ చివర నుంచి ఈ చివరకు ఎగిరి, మలుపు తిరిగి వాలగలుగుతోందా? నీళ్లు పడితే ఈకల మీద నుంచి జారిపోతున్నాయా? మిమ్మల్ని చూసి దూరంగా ఎగిరిపోతోందా? పిచ్చుక గూడు దిగిన రెండు వారాలకు ఈ స్థితికి వస్తుంది, గోరింకకు మూడు వారాలకు పైనే పట్టొచ్చు. ఏ ఒక్కటి కుదరకపోయినా ఇంకొన్నాళ్లు ఆగండి.

గాలివాన సూచన లేని రోజు, తెల్లవారి ఎండ కాస్త వెచ్చబడ్డాక, అదే జాతి పక్షులు తిరిగే చోట వదలాలి. దొరికిన చోటుకు దగ్గరైతే మేలు. సాయంత్రం వదలకండి, చీకటి పడేలోగా చోటు చూసుకోలేదు. కారులో దూరపు అడవికి తీసుకెళ్లి విడిచిపెట్టడం తప్పు. గోరింక, పిచ్చుక మన ఇళ్ల చుట్టూ బతికే పక్షులు. బాల్కనీ దోమతెర ఒక పక్క విప్పి, మీరు లోపలికి వెళ్లిపోండి. అది ఎప్పుడు వెళ్లాలనుకుంటే అప్పుడు వెళ్తుంది. రెండు వారాల పాటు అదే చోట, అదే వేళకు పళ్లెంలో తిండి, నీళ్లు పెడుతూ ఉండండి. మొదటి రోజుల్లో తిరిగి వచ్చి తిని పోతుంటుంది, క్రమంగా రావడం తగ్గిస్తుంది. వరుసగా నాలుగైదు రోజులు పళ్లెం ముట్టకపోతే తిండి పెట్టడం ఆపేసి, పళ్లెం కడిగి లోపల పెట్టేయండి.